పోర్ట్రెయిట్ విలువ ఎక్కడ జారిపోతోంది

బరంపురం తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

డిజిటల్ వచ్చాక స్టూడియో ఫొటోకి, అంటే పోర్ట్రెయిట్‌కి, విలువ పోయిందని చాలామంది బాధపడుతున్నారు. విలువ తగ్గిన మాట నిజమే. తగ్గించింది మాత్రం కెమెరా కాదు. ఫొటో ఎంచుకోవడం, ప్రింటు వేయించడం మనం మానేశాం, అందుకే తగ్గింది.

పాత స్టూడియో కెమెరాల్లో వేసే 120 రకం ఫిల్ము రోలులో చదరపు ఫ్రేములు, అంటే ఫొటోలు, 12 వచ్చేవి. ఒక కుటుంబానికి రెండు, మహా అయితే మూడు. అందుకని గడ్డం ఎటు తిప్పాలో, పమిట మడత ఎక్కడ పడాలో క్లిక్కుకి ముందే తేల్చేవారు. ఇప్పుడు గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున ఒక జంటకి ఒక్క పూటలో వందల ఫ్రేములు తీసేస్తారు. వాటిని ఏరే ఓపిక ఎవరికీ ఉండదు. పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చి బీరువాలో పడుంటుంది.

అలాగని పాతదంతా మచ్చలేనిదనీ అనలేం. మచ్చలు చెరపడం ఫోన్ యాప్‌తో మొదలవలేదు. నెగెటివ్‌లో, అంటే నలుపు తెలుపులు తారుమారైన ఫిల్ములో, మొహం మీది నల్లమచ్చ పలచగా కనిపిస్తుంది. అక్కడ సన్నటి పెన్సిల్‌తో దిద్దితే ప్రింటులో తేలిపోయేది. కానీ అది మచ్చ మచ్చకీ చేసే చేతిపని. యాప్ మొహాన్నంతా ఒకేసారి చదును చేసి, చామనచాయకి సున్నం కొట్టినట్టు చేస్తుంది. మామ్మ నుదుటి ముడతలు పోయాక అది మామ్మ ఫొటో ఎలా అవుతుంది?

మన పట్టుచీర సంగతి చూడండి. కెమెరా మీది ఫ్లాష్ నేరుగా కొడితే జరీ తెల్లగా పేలిపోతుంది, అంచు మీది పని ఏమీ మిగలదు. లెన్స్ ముందు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టినా లాభం లేదు. లోహం మీది మెరుపుని అది ఆపలేదు. పెద్ద సాఫ్ట్‌బాక్సుని (లైటు వెలుగుని మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టెని) మనిషికి 45 డిగ్రీల పక్కగా, కళ్ళకంటే కొంచెం ఎత్తులో పెట్టండి. రెండో వైపు ఆ వెలుగుని తిప్పికొట్టడానికి తెల్ల థర్మోకోల్ షీటు చాలు. 85 ఎంఎం లెన్స్, దాని రంధ్రం ఎఫ్/4, షట్టర్ సెకనులో 125వ వంతు, ఫోకస్ కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి మీద. వెలుగు మరీ ఎక్కువైందని కెమెరా స్క్రీన్ మీద జరీ మిణుకుతుంటే, మూడో వంతు స్టాప్ (వెలుగు కొలత) చొప్పున ఎక్స్‌పోజర్ తగ్గించండి. రా ఫైలుగా (కెమెరా కుదించకుండా దాచే ఫైలుగా) తీస్తే చీకటిపడ్డ మొహాన్ని తరవాత లేపుకోవచ్చు, పేలిన జరీ మాత్రం తిరిగి రాదు.

రెప్పలు పడుతుంటే, "మామ్మా, కళ్ళు మూసుకోండి, నేను అనగానే తెరవండి" అని తెరిచిన వెంటనే నొక్కండి. మూడు నాలుగు తీసి ఆగండి. వాళ్ళకి చూపించండి. సరిపోలేదంటే ఎందుకో అడిగి మళ్ళీ తీయండి. ఒక సిట్టింగుకి 24 దాటొద్దని నా మాట. ఇంటివాళ్ళు అక్కడే కూర్చుని ఒకటి ఎంచుకునేదాకా కెమెరా సర్దకండి. ఆ ఎంపికలోనే ఆ ఫొటో వాళ్ళదవుతుంది.

ఇక ప్రింటు. 8×10 అంగుళాలకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 2400×3000 పిక్సెల్స్ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు 1600 దగ్గరికి కుదించుకుపోతుంది. అంత సైజులో కనురెప్పల వెంట్రుకలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి. ప్రింటు నల్లగా వచ్చిందంటే ల్యాబుని తిట్టే ముందు మానిటర్ వెలుగు చూసుకోండి. అది మరీ ఎక్కువగా ఉంటే ఫైలుని మనమే చీకటి చేసి పంపుతాం.

ఫ్రేము కట్టించేటప్పుడు ఫొటోకీ అద్దానికీ మధ్య మౌంటు, అంటే కిటికీలా కోసిన అట్ట, తప్పనిసరి. మన సముద్రపు గాలి తేమకి ఫొటో మీది జెలటిన్ మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. ఇప్పటికే అతుక్కున్న తాతగారి ఫొటో ఇంట్లో ఉంటే పీకకండి, బొమ్మ పొర అద్దంతోనే లేచొస్తుంది. ఫ్రేము విప్పకుండానే, రెండు వైపులా 45 డిగ్రీలలో సమానమైన లైట్లు పెట్టి, అద్దంలో ఎదుటి వస్తువుల ప్రతిబింబం పడకుండా కెమెరా వెనక నల్లగుడ్డ కట్టి, కాపీ తీయించుకోండి.