లైసెన్స్ సస్పెండ్ అయ్యాక ఆఫీసుకి వెళ్ళేదెలా?

శ్రోతలకు నమస్కారం.

డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇల్లు, పక్కనే ప్లేనోలో ఆఫీసు, మధ్యలో పిల్లాడి డేకేర్. డాలస్ ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ డార్ట్ రైలూ ఫ్రిస్కోకి లేదు, దాని బస్సూ లేదు. అలాంటి చోట లైసెన్స్ సస్పెండ్ అయిందంటే కాళ్ళూ చేతులూ కట్టేసినట్టే. ఎవరినైనా రైడ్ అడుగుదామంటే కారణం చెప్పాల్సి వస్తుంది. ఆ మొహమాటానికే కొందరు, ఏదైతే అదవుతుందని బండి తీసేస్తారు. కానీ టెక్సాస్ చట్టమే దీనికో దారి చూపించింది. సస్పెన్షన్‌లో ఉన్నా తప్పనిసరి పనులకి బండి నడపనిచ్చే ఆ లైసెన్స్‌ని ఆక్యుపేషనల్ డ్రైవర్ లైసెన్స్ అంటారు. ఇండియాలో సస్పెండ్ అంటే గడువు తీరేదాకా బండి పక్కన పెట్టడమే కాబట్టి మనవాళ్ళకి ఇది చప్పున తట్టదు.

సస్పెన్షన్ అనగానే తాగి నడిపారనే అనుకుంటాం. కానీ ఏడాదిలో నాలుగు ట్రాఫిక్ కేసులు రుజువైనా, రెండేళ్ళలో ఏడు రుజువైనా లైసెన్స్ పోతుంది. ఇక తాగిన కేసులో పోలీసు నోటీసు చేతికిచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో సస్పెన్షన్ మీద హియరింగ్ అడగాలి. అడక్కపోతే 40వ రోజు నుంచి సస్పెన్షన్ మొదలవుతుంది. ఆల్కహాల్ పరీక్షలో 0.08 వచ్చినా, అంతకు మించినా మొదటిసారి 90 రోజులు. పరీక్షే వద్దంటే 180 రోజులు. "ఊదకు, సాక్ష్యం ఉండదు" అని పార్టీల్లో సలహా ఇచ్చే పెద్దమనుషులు ఈ రెండో అంకె మాత్రం చెప్పరు.

ఆక్యుపేషనల్ లైసెన్స్ కోసం మొదట వెళ్ళాల్సింది లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసుకి కాదు, కోర్టుకి. మీరు ఉండే కౌంటీలోనో, కేసు అయిన కౌంటీలోనో పిటిషన్ వేయాలి. జడ్జి ఒప్పుకుంటే ఆర్డర్ ఇస్తారు. దాని సర్టిఫైడ్ కాపీ డీపీఎస్‌కి పంపాలి. కార్డు వచ్చేలోగా, జడ్జి సంతకం పెట్టిన రోజు నుంచి 45 రోజుల పాటు ఆ ఆర్డరే లైసెన్స్‌గా చెల్లుతుంది.

అసలు పని పిటిషన్ రాయడంలోనే ఉంది. మామూలుగా రోజుకి నాలుగు గంటలే నడపనిస్తారు. అవసరం చూపిస్తే 12 గంటల వరకు పెంచొచ్చు. ఏ రోజులు, ఏ వేళలు, ఏ పనికి, ఏ దారుల్లో అన్నది ఆర్డర్‌లో రాసి ఉంటుంది. ఒకాయన ఉదయం ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఏడు, ఇల్లూ ఆఫీసూ అని రాసుకున్నాడనుకుందాం. లెక్క సరిగ్గా నాలుగు గంటలకి సరిపోయింది. కానీ డేకేర్ రాయలేదు, శనివారం సరుకులు రాయలేదు. టోల్‌వే మీద యాక్సిడెంట్ అయి ఏడూ పదికి ఇంకా రోడ్డు మీదే ఉంటే, ఆ పది నిమిషాలూ ఆర్డర్‌కి బయటే. ఉద్యోగం, చదువు, ఇంటికి తప్పనిసరి పనులు: చట్టం ఒప్పుకునేవి ఇవి. గుడి, బర్త్‌డే పార్టీ ఆ జాబితాలో లేవు. అందుకని వారం రోజులు మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో కాగితం మీద పెట్టి, ట్రాఫిక్‌కి కాస్త సందు వదిలి, అప్పుడు రాయండి. మీ మేనేజర్ దగ్గర పనివేళలతో ఒక లెటర్ తీసుకుంటే జడ్జికి అవసరం చూపించడం తేలికవుతుంది.

ఆర్డర్ కాపీ ఎప్పుడూ కార్లోనే ఉండాలి. ఆర్డర్‌లో రాసింది దాటి నడిపితే అది క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే జైలుకి వీలున్న నేరం. ఉన్న వెసులుబాటు కూడా పోతుంది.

కారుకి ఇంటర్‌లాక్ పెట్టించుకున్నవాళ్ళకి ఈ వేళలు, దారుల బెడద ఉండదు. అందులో ఊదితే తప్ప ఇంజిన్ స్టార్ట్ అవదు. దానికి నెలనెలా డబ్బు కట్టాలి, ఆఫీసు పార్కింగ్‌లో నలుగురూ చూస్తారన్న ఇబ్బందీ ఉంటుంది. నన్నడిగితే చిన్నపిల్లలున్న ఇంటికి అదే నయం.

ఎస్ఆర్-22 అనేది ఇంకొకటి కావాలి. అది వేరే ఇన్సూరెన్స్ కాదు. మీకు ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ డీపీఎస్‌కి ఇచ్చే పూచీ కాగితం. ప్రీమియం మర్చిపోయి పాలసీ ఆగితే ఆ కబురు కూడా కంపెనీయే చేరవేస్తుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. లైసెన్స్ ఫీజు ఏడాదికి 10 డాలర్లే. కోర్టు ఫీజు, పాత లైసెన్స్ తిరిగి తెచ్చుకునే ఫీజు వేరే. లాయర్‌ని పెట్టుకోలేనివాళ్ళకి టెక్సాస్ లా హెల్ప్ వెబ్‌సైట్‌లో పిటిషన్ ఫారాలు ఉచితంగా దొరుకుతాయి. ఇంతకుముందు కూడా సస్పెన్షన్ ఉన్నవాళ్ళకి మాత్రం కొంతకాలం ఆగాల్సిన నిబంధన ఉంటుంది. అలాంటివాళ్ళు లాయర్‌ని కలవడమే మంచిది.

"నా దగ్గర ఇండియా లైసెన్స్ ఉందిగా" అనేవాళ్ళున్నారు. అది పనికిరాదు. సస్పెండ్ అయింది మీ కార్డు ఒక్కటే కాదు, టెక్సాస్‌లో బండి నడిపే హక్కే.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఇంకొక మాట. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కేసు తేలకముందే పాస్‌పోర్టులోని వీసా రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కి ఉంది. కోర్టు ఇచ్చిన ఆక్యుపేషనల్ ఆర్డర్ అక్కడ అక్కరకు రాదు. కాబట్టి ఇండియాకి టికెట్లు బుక్ చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. నమస్కారం.