పీహెచ్‌సీలో "ఎట్లుంది?" అంటే అందరూ "బాగుంది సార్" అనే ఎందుకంటారు?

నమస్తే అందరికీ. మన తిరుపతి, చిత్తూరు సైడు పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పోయొచ్చినోళ్ళని సర్వీసు ఎట్లుందని అడగండి, దాదాపు అందరూ బాగుందనే అంటారు, మళ్ళా అదే మనిషికి రెండోసారి జ్వరమొస్తే ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, నేరుగా తిరుపతి పెద్దాస్పత్రి రుయాకో, ఇంకా డౌట్ ఉంటే వేలూరు సీఎంసీ ఆస్పత్రికో పోతాడు. మరి బాగుంటే అక్కడికే పోవాల కదబ్బా?

(విజువల్: మందుల కిటికీ, క్యూ)

సర్వే ఎట్లా జరుగుతుందో చూడండి. అవ్వ చేతిలో బీపీ మాత్రల కవరు పట్టుకోని ఉంటాది, మందులిచ్చినామె అప్పుడే అక్కడే ఉంటాది, ట్యాబ్ పట్టుకున్న పిల్లోడు వచ్చి "ఒకటి నుంచి ఐదు దాకా ఎంతిస్తావ్ అవ్వా" అంటాడు. "నువ్వే ఏసుకో నాయనా" అంటాది అవ్వ. వచ్చే నెల మాత్రలు మళ్ళీ ఆ కిటికీలోనే తీసుకోవాల, ఎందుకు తక్కువేస్తాది చెప్పండి! ఐదు పడిపోతాది, రిపోర్టు సూపర్.

ఇంకోటి, టైము. 67 దేశాల లెక్కలు తీసి 2017లో బీఎంజే ఓపెన్ అనే జర్నల్‌లో వేసినారు, ప్రైమరీ కేర్‌లో డాక్టరు ఒక పేషెంటుకిచ్చే టైము స్వీడన్‌లో 22 నిమిషాల పైన, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకి ఒక పీహెచ్‌సీ అనేది రూలు, ఓపీ రద్దీ రోజు డాక్టరు మాత్రం ఏం చేస్తాడు పాపం.

అందుకే "తృప్తిగా ఉందా" అని అడగడం నా లెక్కలో వేస్టు. డాక్టరు చెయ్యి పట్టి చూసినాడా, స్టెత్ పెట్టినాడా, ఏ మాత్ర తినకముందు ఏది తిన్నాక అని ఎవరైనా చెప్పినారా, బయట ఏమన్నా కొనాల్సొచ్చిందా, ఇవి అడగాల. చదువు రానోళ్ళకి కొందరు సిస్టర్లు రాత్రి మాత్ర షీటుకి మూల కత్తిరించి ఇస్తారు, అది తెలిసిన అవ్వ కరెక్టుగా చెప్తాది, దానికి ఐదు పాయింట్ల స్కేలు అక్కర్లేదు.

అడిగేది కూడా ఆశా అక్క అయితే కుదరదు, ఆమె ఎంత మంచిదైనా ఆస్పత్రి మనిషే కదా. కేంద్రం 2016లో తెచ్చిన మేరా అస్పతాల్ అనే ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో పేషెంటు ఇంటికి పోయినాక మెసేజ్‌, ఫోన్ ద్వారా అడుగుతారు, ఐడియా మంచిదే. కాకపోతే ఓపీ చీటీలో అవ్వ రాయించింది బెంగుళూరులో ఉండే మనవడి నెంబరు అయితే, ఆ ఫోను ఎత్తేది వాడే.