ఫాస్టర్ సిటీలో ఉంటే ఎలా ఉంటుంది? లగూన్, కరకట్ట, కొత్త కయాక్ – నా రివ్యూ

అందరికీ నమస్తే అండి. ముందుగా ఒక మాట. ఈ వీడియోలో నేను తెడ్డు వేస్తున్న నీలం కయాక్‌ని, అంటే ఈ సన్నటి చిన్న పడవని, ఒక కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. దాని పొడవు, బరువు, ఎంతమంది ఎక్కొచ్చు అన్నవి మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవను. పోయినసారి లగూన్ పక్కన, అంటే ఊరి మధ్యలో ఉన్న సరస్సు పక్కన, తీసిన చిన్న క్లిప్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఫాస్టర్ సిటీకి మారిపోదాం అనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అని. కాబట్టి ఈరోజు కయాక్‌తో పాటు ఊరి రివ్యూ కూడా.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా, బే (సముద్రపు ఖాతం) ఒడ్డున ఉంటుంది ఈ ఊరు. హైవే 92 మీద శాన్ మాటియో బ్రిడ్జి ఎక్కితే అవతల హేవర్డ్. మందుల కంపెనీ గిలియడ్ ప్రధాన ఆఫీసు ఇక్కడే. స్కూళ్ళు, పార్కులు, ఇండియన్ సరుకులు, వీటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం నీళ్ళ గురించి.

ఇదిగో, ఇప్పుడు నేనున్నది ఊరి మధ్యలో. రెండు వైపులా ఇళ్ళు, ఇళ్ళ వెనక చిన్న చిన్న చెక్క రేవులు. ఇక్కడ పెట్రోల్ మోటార్ పడవలు తిరగనివ్వరు. తెడ్డు, తెరచాప, బ్యాటరీ మోటార్, అంతే. అందుకే ఇంత ప్రశాంతంగా ఉంది. నేను మైక్ కూడా పెట్టుకోలేదు, ఫోన్‌లోనే రికార్డ్ చేస్తున్నాను. నీళ్ళ మీద ఇంజన్ మోత లేని ఊళ్ళు ఎన్ని ఉంటాయి చెప్పండి!

ఈ లగూన్ ప్రకృతి ఇచ్చింది కాదండి. 1960ల ముందు ఇది బ్రూవర్ ఐలాండ్ అనే పల్లపు నేల, ఉప్పు మళ్ళు, చిత్తడి. టి. జాక్ ఫాస్టర్ అనే ఆయన దీన్ని కొని, బేలోంచి ఇసుక తోడి పోయించి, ప్లాన్ గీయించి ఊరు కట్టించాడు. 1971లో ఇది సొంతంగా సిటీ అయింది. ఆ ప్లాన్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. నేలంతా ఎత్తుగా పూడ్చేసి వాన నీటిని నేరుగా బేలోకి పంపాలంటే బోలెడంత మట్టి కావాలి. దానికి బదులు మధ్యలో నీటికి చోటు వదిలి, వీధుల్లో పడ్డ నీరంతా అందులోకి వచ్చేలా వాలు పెట్టారు. అంటే మనం ఫోటోలు దిగే ఈ లగూన్, అసలు పనిలో వాన నీటి చెరువు.

ఇక్కడ వానలు చలికాలంలో పడతాయి. ఆ సీజన్ రాకముందే లగూన్ మట్టం దించేస్తారు. పెద్ద వాన వచ్చినప్పుడు ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. తర్వాత ఉత్తరం వైపున్న పంప్ హౌస్ దాన్ని బేలోకి తోడేస్తుంది. వేసవిలో దక్షిణం వైపు తూములు తెరిచి బే నీరు లోపలికి తెస్తారు, నీరు కదులుతూ ఉండాలి కదా, లేకపోతే పాచి పట్టేస్తుంది. మట్టం దించిన రోజుల్లో మీరు ఇల్లు చూడటానికి వస్తే, రేవుల దగ్గర కొంచెం బురద కనపడి "ఇదేంటి ఇలా ఉంది" అనుకుంటారు. ఆ బురద కనపడుతోందంటే సిస్టమ్ తన పని చేస్తోందని అర్థం.

దీని గురించి ఇంతసేపు ఎందుకు మాట్లాడుతున్నానంటే, మాది విజయవాడ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకి గండ్లు పడినప్పుడు మా పిన్ని వాళ్ళు అజిత్‌సింగ్‌నగర్‌లో మేడ మీద ఉండిపోయారు. కింద ఇల్లంతా నీళ్ళు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతుందని రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది పిన్ని. ఇక్కడ కూర్చుని ఆ టెన్షన్ భరించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకి తెలుసు. అప్పటినుంచి ఏ ఊరు చూసినా నాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఇక్కడ నీటికి చోటు ఎక్కడ ఉంచారు? ఇంతకుముందు ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. అక్కడ లేక్ ఎలిజబెత్ ఉంది, చుట్టూ నడవడానికి బాగుంటుంది, మనవాళ్ళు ఎక్కువ, గుడి దగ్గర. కానీ లేక్ దగ్గరికి కారులో వెళ్ళేవాళ్ళం. ఇక్కడైతే ఊరే నీటిని బట్టి కట్టారు.

కయాక్ సంగతికి వస్తే, గాలి నింపేది కాబట్టి అపార్ట్‌మెంట్‌లో అలమరలో పెట్టుకోవచ్చు. నేను ముందు అద్దెకి తీసుకునే గట్టి ప్లాస్టిక్ కయాక్ అయితే ఇద్దరం మోయాలి. దీంతో ఉన్న చికాకు ఒకటే: గాలి. వేసవి మధ్యాహ్నాలు పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందంటే, ఒడ్డున థర్డ్ అవెన్యూ దగ్గర కైట్ సర్ఫింగ్ చేసేవాళ్ళు అందుకోసమే వస్తారు. ఆ గాలికి ఈ కయాక్ పక్కకి కొట్టుకుపోతుంది. పొద్దున్నే దించండి, హాయిగా వెళ్తుంది. మధ్యాహ్నం వద్దు. బేలోకి మాత్రం దీన్ని అసలు తీసుకెళ్ళకండి, లగూన్ లోపలే. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని ఎక్కించకండి.

ఇక చిరాకులు. మొదటిది బాతులు. కెనడా గూస్ అంటారు, మన బాతుల కంటే చాలా పెద్దవి. లియో ర్యాన్ పార్కులో గడ్డి మీద దుప్పటి పరుద్దామంటే చోటుండదు, అంతా వాటి రెట్టలే. పిల్లలు పరిగెత్తే చోట అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండోది విమానాలు. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు బే మీదుగా, మనకి దగ్గరగానే వెళ్తాయి. మూడోది ట్రాఫిక్. ఊళ్ళో రైలు స్టేషన్ లేదు, కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు కోసం పక్కనున్న శాన్ మాటియోకి వెళ్ళాలి. సాయంత్రం 92 ఎక్కేవాళ్ళ కార్లు ఊరి వీధుల్లోకి కూడా వచ్చి ఆగిపోతాయి.

కరకట్ట గురించి మాత్రం నేను ఇక్కడ చాలామందితో ఏకీభవించను. ఊరి చుట్టూ ఉన్న కట్ట ఎత్తు చాలదని ఫెమా (విపత్తులు చూసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళు తేల్చాక, ఎత్తు పెంచడానికి 2018లో 9 కోట్ల డాలర్ల బాండ్, అంటే ఊరి పేరు మీద అప్పు, పెట్టారు, జనం ఓటేసి ఒప్పుకున్నారు. చాలా చోట్ల స్టీల్ షీట్లు దించి గోడ కట్టారు. పని జరిగినంత కాలం నడక దారి మూసేశారు, ఇప్పుడు కొన్ని చోట్ల రోడ్డు మీదనుంచి బే కనపడదు. "వ్యూ పోయింది" అని బాధపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కట్ట మీదకి ఎక్కి నడవండి, బే మొత్తం కనపడుతుంది. ఇంట్లోకి నీరు రావడం ఎలా ఉంటుందో మా పిన్నిని అడిగితే చెప్తుంది, వ్యూ కోసం కట్ట తగ్గించమని ఎవరూ అడగరు. ఆ డబ్బు ఇంటి పన్నులో కడతారు ఇక్కడివాళ్ళు. నాకది న్యాయమైన ఖర్చే అనిపిస్తుంది.

ఖరీదు మాటకొస్తే, విడి ఇల్లు కొనాలంటే దాదాపు రెండు మిలియన్ డాలర్లు. రేవు ఉన్న ఇల్లయితే ఇంకా ఎక్కువ. అది అందరికీ కుదరదు, మాకూ కుదరలేదు, అద్దెకే ఉంటున్నాం. అయినా లగూన్ మీదికి రావడానికి నీటి ఒడ్డు ఇల్లు అక్కర్లేదు, పార్కులోంచి ఎవరైనా కయాక్ దించుకోవచ్చు.

నా మాట: బాతులు ఉన్నా, ట్రాఫిక్ ఉన్నా, నేను ఈ ఊరికి పూర్తి మార్కులు వేస్తాను. కయాక్‌కి కొంచెం తక్కువ, ఆ గాలి వల్ల. అద్దెకి వచ్చేవాళ్ళు ఇల్లు చూడటానికి ఎండాకాలంలో కాకుండా జనవరిలో, వాన పడే రోజు రండి. గొడుగు పట్టుకుని ఏ బ్రిడ్జి మీదైనా నిలబడి లగూన్ మట్టం చూడండి, తర్వాత ఓనర్‌తో మాట్లాడండి. కయాక్ లింక్ కింద పెట్టాను. గాలి పంపు దాంతోపాటే వస్తుంది, లైఫ్ జాకెట్ మాత్రం విడిగా కొనుక్కోవాలి.