ఐక్యాకిల్స్ సక్సెస్ అయిందా? అసలు ప్రమాదం అదే!

డేటాబేస్ స్క్రిప్ట్‌లోంచి ఐక్యాకిల్స్ (icacls, ఫైళ్ల పర్మిషన్లు మార్చే విండోస్ కమాండ్) కొట్టి రిమోట్ సర్వర్‌లో ఒక ఫోల్డర్ పర్మిషన్లు మార్చారు. 'సక్సెస్‌ఫుల్లీ ప్రాసెస్డ్' అని లైన్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నారు కదా? ఆ లైన్ చూసి హమ్మయ్య కాదండీ, భయపడాలి!

మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎక్స్‌పీ సీఎండీషెల్ (xp_cmdshell) గొడవ ఒకటుంది. డేటాబేస్ లోపలి నుంచి విండోస్ కమాండ్లు నడిపే దారి అది. అది ఆన్ చేస్తే కొంప మునిగినట్టే అని ఒక వర్గం, అది లేకపోతే మా పనే నడవదని ఇంకో వర్గం. ఏళ్ల తరబడి ఇదే కొట్లాట! అసలు దొంగని ఎవరూ పట్టుకోవట్లేదు. ఆ దొంగ సర్వీస్ అకౌంట్.

ఎలాగో చూడండి. సిస్ అడ్మిన్ రోల్ (డేటాబేస్ సర్వర్ మీద అన్ని హక్కులూ ఇచ్చే రోల్) ఉన్నవాళ్లు ఆ సీఎండీషెల్‌లోంచి ఐక్యాకిల్స్ కొడితే, ఆ కమాండ్ వాళ్ల లాగిన్ పేరు మీద నడవదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీస్ ఏ అకౌంట్ మీద నడుస్తోందో దాని పేరు మీద నడుస్తుంది. మరి విండోస్‌లో ఒక ఫైల్ పర్మిషన్లు ఎవరు మార్చగలరు? ఆ ఫైల్‌కి ఓనర్ అయినా అయ్యుండాలి, పర్మిషన్లు మార్చే హక్కయినా ఉండాలి. ఫుల్ కంట్రోల్ ఇస్తే ఆ హక్కు కూడా వచ్చేస్తుంది. బ్యాకప్ ఫైల్ అంటే సర్వీసే తయారు చేసింది, ఓకే. కానీ ఎక్కడో ఇంకో మెషీన్‌లో, డేటాబేస్‌తో సంబంధమే లేని షేర్ (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్) మీద కూడా మీ స్క్రిప్ట్ పని చేసిందా? అంటే ఎవరో ఆ సర్వీస్ అకౌంట్‌కి అక్కడ కూడా పవర్ ఇచ్చారు, ఏకంగా డొమైన్ అడ్మినే (కంపెనీ నెట్‌వర్క్ మొత్తానికి అడ్మిన్) చేసి కూర్చోబెట్టారేమో. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి గుచ్చి గుమ్మానికి తగిలించినట్టు!

'మేం సీఎండీషెల్ ఆఫ్ చేశాం కదా' అంటారు. 2005 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫే. సిస్ అడ్మిన్ దొరికినవాడికి దాన్ని ఆన్ చేయడం ఎంత సేపు? ఎస్‌పీ కాన్ఫిగర్, రీకాన్ఫిగర్ అని సెట్టింగ్ మార్చే రెండు కమాండ్లు, అంతే. 2002 మేలో ఒక వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) వచ్చింది, స్పైడా అన్నారు. ఎస్‌ఏ లాగిన్‌కి (ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో పాటే వచ్చే అడ్మిన్ లాగిన్) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన సర్వర్లలోకి దూరి, ఈ సీఎండీషెల్‌తోనే గెస్ట్ అకౌంట్‌ని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్‌లో చేర్చేసింది. గ్రూప్‌లో మనిషిని చేర్చగలిగిందంటే ఆ సర్వీస్‌కి ఎంత పవర్ ఇచ్చి ఉంటారో ఆలోచించండి!

ఇంకో ఘోరం. ఐక్యాకిల్స్ ఫెయిలైనా ఎస్‌క్యూఎల్‌లో ఎర్రర్ లేవదు. ట్రై క్యాచ్ (ఎర్రర్‌ని పట్టుకునే కోడ్) పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు, అది పట్టుకోదు. 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అన్నది మామూలు టెక్స్ట్ వరుసగా వచ్చి పోతుంది, జాబ్ (టైమ్ పెట్టి నడిపే స్క్రిప్ట్) మాత్రం పచ్చగా కనిపిస్తుంది. సీఎండీషెల్ తిరిగిచ్చే నంబర్, అదే రిటర్న్ కోడ్, చూడండి, సున్నా కాకపోతే మీరే ఎర్రర్ లేపండి. మార్చే ముందు ఐక్యాకిల్స్‌లో స్లాష్ సేవ్ (/save) ఆప్షన్‌తో పాత పర్మిషన్లు ఫైల్‌లో దాచుకోండి. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి స్లాష్ టీ (/t, లోపలి ఫోల్డర్లన్నిటికీ పాకించే ఆప్షన్) కొట్టేశాక, కింది ఫోల్డర్లలో ముందు ఏముండేదో ఎవరు చెబుతారు?

అసలు డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్లు) ఇలా ఎందుకు చేస్తారు? నా థియరీ ఒక్కటే: వాళ్లకి సర్వర్ లాగిన్ ఇవ్వరు. విండోస్ లాగిన్‌తో డేటాబేస్ డిటాచ్ చేస్తే, అంటే సర్వర్ నుంచి విడదీస్తే, ఫైల్ పర్మిషన్లు డిటాచ్ చేసినవాళ్ల పేరుకి మారిపోతాయి, ఇంకొకరు తిరిగి అటాచ్ చేయబోతే ఎర్రర్ 5, అదే 'యాక్సెస్ ఈజ్ డినైడ్'. టికెట్ వేస్తే రేపంటారు, ప్రొడక్షన్ టెన్షన్ ఇవాళే. చేతిలో క్వెరీ విండో ఒక్కటే ఉంది, దాంతోనే కానిస్తారు. తప్పు వాళ్లది కాదు, ఆ గోడ కట్టినవాళ్లది!

దారి లేదా అంటే ఉంది. సర్వీస్ అకౌంట్ పవర్ కోసేయండి. ఫోల్డర్ హక్కులు ఒక్కసారి గ్రూప్‌కి ఇచ్చి, తర్వాత గ్రూప్‌లో మనుషుల్నే మార్చండి. స్క్రిప్ట్ తప్పనిసరైతే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ (జాబ్‌లు నడిపే భాగం) జాబ్‌లో, ఆ ఒక్క ఫోల్డర్ మీదే హక్కున్న ప్రాక్సీ అకౌంట్‌తో (సర్వీస్ అకౌంట్‌కి బదులు వాడే వేరే అకౌంట్) నడపండి.

సీఎండీషెల్ ఇప్పటికే ఆన్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే దాన్లోంచి 'హూ యామ్ ఐ' (whoami, ఏ అకౌంట్ మీద నడుస్తోందో చెప్పే కమాండ్) కొట్టండి. 'ఎన్‌టీ సర్వీస్' (ఆ మెషీన్‌లో విండోసే ఇచ్చే అకౌంట్) అని మొదలైందా, డొమైన్ అకౌంట్ పేరు వచ్చిందా? అసలు పేర్లు రాయకుండా, ఏ రకమో మాత్రం కామెంట్‌లో చెప్పండి. డొమైన్ అకౌంట్ వస్తే, అది ఏయే గ్రూపుల్లో ఉందో ఈరోజే చూడండి.