బుష్ దారులకు పాత బండి: పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు నేలల అనుభవం

సభకు నమస్కారం.

పెర్త్‌లోనూ చుట్టుపక్కలా స్థిరపడిన మన తెలుగువారిలో గనుల మీద ఆధారపడి బతికేవారు తక్కువేమీ కాదు. నేను కూడా కల్గూర్లీలో పద్దెనిమిదేళ్ళు గని యంత్రాల మరమ్మతు పనిలో ఉండి వచ్చినవాణ్ణే. అక్కడ ఉన్నన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు, నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టరు భుజాన వేసుకొని బంగారం వెతకడానికి బయలుదేరేవాణ్ణి. ఆ సంగతి తెలిసిన కుర్రవాళ్ళు కొందరు ఈ మధ్య నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అంకుల్, మేమూ వెళ్ళాలనుకుంటున్నాం, అప్పు చేసయినా పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కోవాలా?" కొననక్కర్లేదన్నదే నా జవాబు. అయితే ఆ జవాబును సగం విని ఏదో ఒక పాత బండిలో బయలుదేరితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, మిగతా సగం చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఆ నేల గురించి చెప్పాలి. బుష్ అనగానే మన నల్లమల వంటి అడవిని ఊహించుకోకండి. కల్గూర్లీ నుంచి ఉత్తరంగా మెంజీస్, లియొనోరా, లావర్టన్ ఊళ్ళ దాకా తారురోడ్డే ఉంది, దాని మీద ఏ కారైనా పోతుంది. ఆ రోడ్డు దిగి పక్కకు తిరిగినప్పుడే అసలు విషయం మొదలవుతుంది. ఎర్రమట్టి, ఇనుపరాయి గులకలు, మనిషెత్తు ముల్గా పొదలు, వాటి మధ్య రెండు చక్రాల జాడలూ నడుమ గడ్డీ తప్ప దారి అనదగినదేదీ ఉండదు. ఆ జాడల్లో కొన్ని పాతకాలపు బంగారు వేటగాళ్ళవి, కొన్ని గొర్రెల స్టేషన్ల, అంటే విశాలమైన గొర్రెల పెంపకపు భూముల, కంచె వెంబడి పోయేవి, కొన్ని అన్వేషణ కంపెనీలు డ్రిల్లింగు కోసం గీతగీసినట్టు కొట్టించి వదిలేసినవి. వాటిని ఎవరూ బాగుచేయరు. వాన కోసిన చోట కోసినట్టే, చెట్టు పడిన చోట పడినట్టే ఉంటాయి.

ఈ నేలకూ మన నేలకూ ఒక చుట్టరికం ఉంది. ఇక్కడి యిల్గార్న్ శిలాఫలకంలోనూ, కోలారు, రామగిరి బంగారు గనులున్న మన ధార్వార్ శిలాఫలకంలోనూ బంగారం అధికంగా దొరికేది గ్రీన్‌స్టోన్ అని పిలిచే అతి ప్రాచీన శిలల పట్టీల్లోనే. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం తలలు వంచుకొని నడిచే దృశ్యం చూసినవారికి ఇక్కడి వెతుకులాట కొత్తగా అనిపించదు. ఇక్కడ కూడా తెల్లటి పలుగురాయి ముక్కలు ఎర్రమట్టి మీద చెల్లాచెదురుగా కనబడిన చోట కాలు ఆగుతుంది. తేడా దూరంలోనే ఉంది. తుగ్గలిలో దాహం వేస్తే పక్క ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయి. ఇక్కడ పక్క ఊరు నూరు కిలోమీటర్ల అవతల ఉండవచ్చు, కాబట్టి ఇక్కడ బంగారం వెతికేవాడికి డిటెక్టరు కంటే ముందు బండి కావాలి.

1892లో బేలీ, ఫోర్డ్ అనే ఇద్దరు కూల్‌గార్డీలో బంగారం కనుగొన్నప్పుడుగానీ, మరుసటి ఏడు పాడీ హానన్, ఇద్దరు సహచరులతో కల్గూర్లీ దగ్గర కనుగొన్నప్పుడుగానీ వాళ్ళు నమ్ముకున్నది గుర్రాలను. తరువాత సరుకంతా ఒంటెల మీద నడిచింది. వాటిని నడిపినవారిలో బలూచిస్తాన్, పంజాబు ప్రాంతాల నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు. మోటారు బండి ఆ చోటును ఆక్రమించింది క్రమంగానే. 1923లో మైఖేల్ టెర్రీ, రిచర్డ్ యాక్నీ అనే ఇద్దరు యువకులు క్వీన్స్‌లాండ్‌లోని వింటన్ నుంచి ఈ రాష్ట్రపు పడమటి తీరంలోని బ్రూమ్ దాకా ఒక మోడల్ టీ ఫోర్డు కారులో ఎడారి దారుల వెంట వచ్చారు. టెర్రీ తరువాత ఖనిజాల వెతుకులాటకే ఎన్నో యాత్రలు చేశాడు. ఇక 1954లో ఆస్ట్రేలియా చుట్టూ జరిగిన రెడెక్స్ కార్ల పోటీని, అంటే పదిహేను వేల కిలోమీటర్ల దుమ్ముదారిని, జాక్ మర్రీ గెలిచింది 1948 నాటి ఫోర్డు వీ-8 మీద. అప్పటికే ఆరేళ్ళు పాతబడిన ఆ బండి కొత్త బండ్లను వెనక్కి నెట్టిందంటే, దాని కీలుకీలూ నడిపేవాళ్ళకు తెలిసి ఉండడమే కారణమని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు బండ్ల విషయానికి వద్దాం. నేను ఎక్కువ కాలం వాడినది సుజుకి సియెర్రా. ఆ పేరు మీలో కొందరికి తెలియకపోవచ్చుగానీ బండి మాత్రం అందరికీ తెలుసు. 1985లో మన దేశంలో వచ్చిన మారుతి జిప్సీ దీని పొడుగు రూపమే. పోలీసులూ, సైన్యమూ, అటవీశాఖా దశాబ్దాల పాటు వాడిన జిప్సీకీ, ఇక్కడి రైతులు గొర్రెల వెంట తిప్పిన సియెర్రాకీ మూలం ఒకటే: 970 సీసీల చిన్న ఇంజను, ముందూ వెనకా కమాను పట్టీలు, ఇంజను బలాన్ని ముందూ వెనకా చక్రాలకు పంచేందుకు విడిగా అమర్చిన ట్రాన్స్‌ఫర్ గేరు బాక్సు. సియెర్రా బరువు తొమ్మిది వందల కిలోల లోపే. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకోండి. ఇసుకలో బండిని ముంచేది బలహీనమైన ఇంజను కంటే ఎక్కువగా బండి బరువే. రెండున్నర టన్నుల కొత్త బండి, దానిపైన గుడారం, ఫ్రిజ్, రెండో బ్యాటరీ, ఇనుప బంపరు అన్నీ కలిసి ఏ ఇసుకలో ఇరుసుల దాకా దిగబడతాయో, ఆ ఇసుక మీద టైర్లలో గాలి తగ్గించిన చిన్న సియెర్రా నడిచిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకవేళ అది దిగబడినా, ఇద్దరు మనుషులు ఒక పార, రెండు చెక్కలతో పైకి తీయగలరు.

సుబారు బ్రంబీ కూడా అలాంటిదే. 1978 నుంచి 1994 దాకా ఇక్కడ అమ్మిన వెనక సరుకుల తొట్టి ఉన్న ఈ బుల్లి యూట్‌ను ఈ దేశపు రైతులు ఎంతగా ఇష్టపడ్డారో, మంచి స్థితిలో ఉన్నదాని ధర ఇప్పుడు అంతగా పెరిగింది. పాత లాండ్ క్రూజర్లదీ ఇదే పరిస్థితి. వాటిని ఇప్పుడు చవక బండ్లుగా లెక్కించలేం. ఇసుక జోలికి పోకుండా గట్టి గులక నేల మీదే తిరిగేవారికి ఎత్తైన రెండు చక్రాల డ్రైవు యూట్ కూడా సరిపోతుంది. నేను వెళ్ళిన ప్రయాణాల్లో ఫోర్ వీల్ డ్రైవు నిజంగా వేయవలసి వచ్చినవి సగం కంటే తక్కువ.

పాత బండి ఎందుకు మంచిదో ఒక సంఘటన చెబితే మీకు తేలికగా అర్థమవుతుంది. ఒక శీతాకాలం మధ్యాహ్నం మెంజీస్‌కు పడమట, తారురోడ్డుకు నలభై కిలోమీటర్ల లోపల, మా ఇంజను రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీగను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టి సెల్ఫు కొట్టిస్తే నిప్పురవ్వ లేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతకున్న రెండు క్లిప్పులు ఊడదీసి చూస్తే, నిప్పురవ్వ పుట్టడానికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాల్సిన పాయింట్లు విడివడడం లేదు. వాటిని తెరిచే ఫైబరు మడమ అరిగిపోయి, పెసరగింజంత రెండు లోహపు బిళ్ళలూ అతుక్కుపోయినట్టు ఉన్నాయి. అగ్గిపెట్టె పక్కన గీసే గరుకు పట్టీని చించి, ఆ బిళ్ళల మధ్య నాలుగైదుసార్లు లాగి మసి వదలగొట్టాను. తరువాత పర్సులోని ఒక విజిటింగ్ కార్డును వాటి మధ్య పెట్టి, స్క్రూ వదులు చేసి, కార్డు కాస్త పట్టుకుంటూ జారేంత ఎడం ఉంచి బిగించాను. ఇరవై నిమిషాల్లో బండి కదిలింది. అదే కొత్త బండిలో ఒక సెన్సరు పాడై కంప్యూటరు ఇంజనును ఆపేస్తే, అక్కడ నేను చేయగలిగేది ఫోను పట్టుకొని నిలబడడమే, ఆ ఫోనుకు అక్కడ సిగ్నలు ఉండదు.

దీన్నిబట్టి పాత బండి చెడిపోదని ఎవరూ అనుకోవద్దు. అది తప్పకుండా చెడిపోతుంది, కొత్త బండి కంటే తరచుగానే చెడిపోతుంది. చెడిపోయిన చోటే మన చేతికీ కంటికీ అందుతుందన్నదే దాని విలువ. ఆ విలువ పని తెలిసినవాడికే దక్కుతుంది. ఫ్యాన్ బెల్టు మార్చడం, ప్లగ్గులు తీయడం, కార్బురేటరు జెట్టు ఊదడం, చక్రం విప్పి పంక్చరు వేయడం రానివారు బుష్‌కు పోయేముందు ఇంటి ముందు నిలబెట్టిన బండి మీదే ఈ నాలుగూ నేర్చుకోవాలని బతిమాలుకుంటున్నాను.

కొనేటప్పుడు ఇంజను పొగ చూసి భయపడేవారు చాలామంది ఉంటారు. నా దృష్టిలో మొదట చూడవలసింది ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం. సియెర్రా కంటే ముందు నేను ఒక పెద్ద బండి కొన్నాను. ఇంజను గడియారంలా నడిచేది, కింద నల్లటి రంగు కొత్తగా మెరిసేది. ఆ మెరుపే నన్ను అనుమానింపజేయాలి, అనుమానించలేదు. మూడో ప్రయాణంలో, రేకు మడతల్లా గతుకులుపడిన దారి మీద గంటసేపు అదిరాక, వెనక కమాను పట్టీని పట్టుకొనే బ్రాకెటు ఛాసిస్ నుంచి చినిగి వచ్చింది. పడవలు లాగడానికి సముద్రపు ఒడ్డున ఉప్పునీళ్ళలో తిప్పిన బండి అని ఆ తరువాత తెలిసింది. లోపలంతా తుప్పు, పైన రంగు. కంచె తీగతో, ముల్గా కొయ్యతో ఇరుసును కట్టుకొని నడకవేగంతో తొమ్మిది గంటలు ప్రయాణించి తారురోడ్డు ఎక్కాం. అప్పటినుంచి ఏ బండి చూడబోయినా ఒక చిన్న సుత్తి, ఒక పాత స్క్రూడ్రైవరు వెంట తీసుకెళ్తాను. గట్టి ఇనుము సుత్తికి ఖణేల్‌మని పలుకుతుంది, తుప్పు పట్టినది డొల్లగా మోగుతుంది. స్క్రూడ్రైవరు దిగిన చోట బేరం ఆపేయాలి.

బండి మీద మిగిల్చిన డబ్బును జేబులో వేసుకుంటే మాత్రం ఈ లెక్కంతా తప్పుతుంది. నా అనుభవంలో పాత బండి ధరలో సగానికి తక్కువ కాకుండా మళ్ళీ దాని మీదే పెట్టాలి. మొదట టైర్లు. విరిగిన ముల్గా మోడు ఎండాక గునపంలా ఉంటుంది. అది టైరు నడుమన కాక పక్కగోడలో దిగబడుతుంది, పక్కగోడ చిల్లికి మామూలు పంక్చరు పనికిరాదు. అందుకే ఒకటి కాదు, రెండు స్టెప్నీలు ఉండాలి. ఎడారి లోపల ఉండే ఆదివాసులైన వార్ల్‌పిరి ప్రజలు స్టెప్నీ లేనప్పుడు టైరులో స్పినిఫెక్స్ గడ్డి కూరి బండి నడిపించుకొని ఇల్లు చేరేవారు. ఆ నేర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను, కానీ మనం మాత్రం రెండో స్టెప్నీ కొనుక్కుందాం. తరువాత రేడియేటరు గొట్టాలన్నీ, బాగున్నా సరే, కొత్తవి వేయాలి. జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న మందపాటి చెక్క ఉండాలి. అది లేకపోతే జాకీ బండిని ఎత్తడానికి బదులు తానే ఇసుకలోకి దిగిపోతుంది. గాలి కొట్టే పంపు, గాలి కొలిచే గేజీ ఉండాలి. ఇసుకలో 18 పౌన్లకు తగ్గించిన గాలిని గట్టిదారి రాగానే మళ్ళీ ఎక్కించకపోతే టైరు వేడెక్కి చీలిపోతుంది.

గడ్డి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దారి నడుమ పెరిగిన స్పినిఫెక్స్ బండి కింద సైలెన్సరు గొట్టానికి చుట్టుకొని ఎండి, వేడికి అంటుకొంటుంది. 1986 నుంచి ఇక్కడి కొత్త పెట్రోలు కార్లు సీసం లేని పెట్రోలుకు మారాక వాటి కింద పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టరు చేరింది, దాని వేడి మామూలు గొట్టం వేడి కంటే చాలా ఎక్కువ. అంతకు ముందు నాటి బండికి ఆ ప్రమాదం తక్కువేగానీ లేకపోలేదు. గడ్డిదారి మీద గంటకోసారి ఆగి, కిందికి వంగి, ఒక ఇనుప కొక్కెంతో గడ్డి లాగేయాలి. అప్పుడే రేడియేటరు ముందు కట్టిన దోమతెర మీద పేరుకున్న గడ్డిగింజలనూ దులిపేయాలి. నిప్పునార్పే సిలిండరు సీటు పక్కనే ఉండాలి. సామాన్ల అడుగున ఉన్నది అవసరానికి చేతికందదు.

నీళ్ళు మనిషికి రోజుకు ఐదు లీటర్లకు తగ్గకూడదు, అదీ చలికాలంలో. వేసవిలో అసలు వెళ్ళవద్దు. మే నుంచి సెప్టెంబరు దాకా ఉన్న కాలం చాలు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న బీకన్ ఇప్పుడు కొన్ని వందల డాలర్లకే దొరుకుతోంది. దాన్ని ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. పాత బండిలో పోయేవాడు దాన్ని తప్పనిసరిగా మెడలోనో నడుముకో తగిలించుకోవాలి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి. ఈ నేలలో చనిపోయినవారిలో ఎందరో బండిని వదిలి నడక మొదలుపెట్టినవారే. విమానం నుంచి చూసేవారికి బండి కనబడుతుంది, ముల్గా నీడలో పడుకున్న మనిషి కనబడడు.

ఇక చవక బండి వల్ల కలిగే ఒక దుర్గుణం గురించి కూడా చెప్పాలి. గీత పడితే బాధ ఉండదు కాబట్టి ఎక్కడికైనా తోలేద్దామనే తెగింపు వస్తుంది. ఉప్పు సరస్సు పైకి ఎండిన పలకలా కనబడుతుంది, వేలెడు పెంకు కింద లోతైన బురద ఉంటుంది. దాని మీదికి ఏ బండినీ ఎక్కించవద్దు. నూరేళ్ళ నాటి గని బావులు వేల సంఖ్యలో మూత లేకుండా పడి ఉన్నాయి, అంచుల్లోని మట్టి లోపలికి జారుతూ ఉంటుంది. పాత తవ్వకాల గుట్టలు కనబడగానే బండి ఆపి, దిగి, నడిచి చూసుకోవాలి. వాన పడితే ఎర్రమట్టి ఆరేదాకా ఉన్నచోటే ఉండాలి. తడి దారిని చక్రాలతో చీల్చి పోయేవాడి జాడలు ఆ స్టేషను వాళ్ళను ఏడాది పొడుగునా బాధిస్తాయి.

ఆ స్టేషను వాళ్ళకు ముందుగా తెలియజేయడం చట్టం చెప్పిన పని కూడా. ఈ రాష్ట్రంలో ఖనిజాలు వెతకడానికి మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం కొద్ది డాలర్లకే వస్తుంది, ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అయితే దాని బలంతో ఎక్కడపడితే అక్కడ తవ్వకూడదు. వేరొకరి అన్వేషణ లైసెన్సు ఉన్న నేల మీద వెతకాలంటే 40ఈ అనే అనుమతి విడిగా తీసుకోవాలి. ఆదివాసుల పవిత్ర స్థలాల జోలికి పోకూడదు. తవ్విన ప్రతి గుంతనూ పూడ్చాలి.

నా సియెర్రా ఈ సభాభవనం వెనక నిలిపి ఉంది. బానెట్టు తీసే ఉంచాను, డిస్ట్రిబ్యూటరు మూత కూడా విప్పి పక్కన పెట్టాను. ఛాసిస్ చూడదలచినవారి కోసం కింద గోనెపట్టా పరిచి, సుత్తీ స్క్రూడ్రైవరూ దాని మీదే ఉంచాను. ముందు కుర్రవాళ్ళు రండి.