ఏటిగట్టు మీద బాలింత: తల్లి ఒత్తిడి, బిడ్డ ఎదుగుదల

సమన్వయకర్త: అమలాపురం నుంచి ఈ చర్చకు స్వాగతం. గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడల్లా లంక గ్రామాల బాలింతలు పసిబిడ్డలతో ఏటిగట్టు ఎక్కుతున్నారు. ఆ ఒత్తిడి బిడ్డ ఎదుగుదలను ఎంతవరకు తాకుతుంది, మాస్టారూ?

జంతుశాస్త్ర అధ్యాపకుడు: ముందు ఎలుకల సంగతి చెప్పనివ్వండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టాలీ బరామ్ బృందం, ఈనిన ఎలుకలకు గూడు కట్టుకునే సరంజామాను వారం రోజులపాటు బాగా తగ్గించి చూసింది. తల్లి పిల్లలను వదిలేయలేదు. కానీ పాలిస్తూ మధ్యలో లేవడం, నాకుతూ నాకుతూ ఆపేయడం, మళ్లీ రావడం, ఇలా సాకుడంతా ముక్కలు ముక్కలైంది. ఆ పిల్లలు పెద్దవయ్యాక జ్ఞాపకశక్తిలో వెనకబడ్డాయి.

సమన్వయకర్త: అది పుట్టుకతో వచ్చిన లక్షణం కావచ్చు కదా?

అధ్యాపకుడు: మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఆ సందేహాన్నే పరీక్షించింది. తక్కువగా నాకే తల్లికి పుట్టిన పిల్లలను ఎక్కువగా నాకే తల్లి దగ్గర పెంచితే, అవి పెంచిన తల్లి పిల్లల్లాగే తయారయ్యాయి. ఒత్తిడి హార్మోను చాలినంత అయిందని మెదడుకు తెలియజేసే గ్రాహకం ఒకటుంది. దాని జన్యువుపై ఉండే మిథైల్ గుర్తులు, అంటే ఆ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేసే రసాయన గుర్తులు, తల్లి సాకిన తీరును బట్టి మారతాయని 2004లో వారు చూపించారు.

శిశువైద్యురాలు: ఎలుకల ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అంటగట్టడానికి నేను ఒప్పుకోను, మాస్టారూ. మన ఇళ్లలో అమ్మమ్మ, పిన్ని, పక్కింటావిడ కూడా బిడ్డను ఎత్తుకుంటారు. అయితే భయం, అలసట ఉన్న తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుందన్నది మాకు తెలిసిన సంగతే.

అంగన్‌వాడీ కార్యకర్త: నేను చూసింది చెబుతానండి. 2022 జూలై వరదలో, గట్టు మీద టార్పాలిన్ కింద ఒక బాలింత బిడ్డకు పాలు పడుతూనే, చినుకు పడగానే బియ్యం మూట జరపడానికి లేచింది. కూర్చుందో లేదో, పడవ వచ్చిందని కేక వినపడగానే మళ్లీ లేచింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే అత్తగారు "దీనికి పిల్లాడి మీద ధ్యాసే లేదు" అని విసుక్కున్నారు. ఆ పిల్లకు కుదురుగా కూర్చునే చోటేదండీ?

అధ్యాపకుడు: ఆ ఎలుక గూడు అచ్చం ఇలాంటిదేనండి.

వైద్యురాలు: అందుకే శిబిరం తెరిచిన రోజే బాలింతలకు ఒక చాటు, తడి తగలని మంచం, సామాను కనిపెట్టుకునే మరో మనిషి ఉండాలని అడుగుతున్నాను. తల్లిని నిందించడం తేలిక, మంచం వేయించడమే కష్టంగా ఉంది.

సమన్వయకర్త: మీ శిబిరంలో అలాంటి చోటు దొరికిందా, అమ్మా?

కార్యకర్త: గది అడిగితే అందులో బియ్యం బస్తాలు వేశారండి. చివరకు మేమే వరండాలో రెండు చీరలు అడ్డం కట్టాం. ఆ మధ్యాహ్నం ముగ్గురు బాలింతలు పిల్లలను పక్కలో వేసుకుని అక్కడే నిద్రపోయారు.