పోర్ట్‌ఫోలియో చూసి అసోసియేట్‌ని తీసుకోకండి

నమస్తే. పోర్ట్రెయిట్ స్టూడియోలు నడిపేవాళ్లలో పదే పదే కనబడే పొరపాటు ఇది. అసోసియేట్ కావాలనుకోగానే ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తారు, బాగున్న ఇరవై ఫోటోలు చూస్తారు, మాట ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత క్లయింట్లు ఫోన్ చేసి "పోయినసారి వచ్చినట్టు రాలేదండీ" అంటారు.

మీరు లేని రోజు మీ బోర్డు కింద ఒంటరిగా షూట్ చేసే మనిషి అసోసియేట్. అందుకే ఆ మనిషి తీసిన గొప్ప ఫోటో కన్నా మామూలు ఫోటో ఎలా ఉంటుందో మీకు ముఖ్యం. ఒక సెషన్ మొత్తం, మొదటి ఫ్రేమ్ నుంచి చివరిదాకా, ఏరకుండా, ఎడిట్ చేయకుండా చూపించమనండి. పోజు మారినప్పుడల్లా ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుగు పాళ్లు, ఎగుడుదిగుడు అవుతోందా? ఫోకస్ కంటి మీద ఉందా, ముక్కు మీదకి జారిందా? ఇవి అక్కడ తెలిసిపోతాయి.

ఆ తర్వాత ట్రయల్ షూట్. నలభై ఐదు నిమిషాలు చాలు, కానీ డబ్బులిచ్చి చేయించండి. ఊరికే పని చేయించుకోవడం తప్పు. మెరుపు తగ్గించే కోటింగ్ లేని కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషిని కూర్చోబెట్టండి. నాకు ఇంతకన్నా మంచి పరీక్ష కనబడలేదు.

[స్క్రీన్ మీద: సాఫ్ట్‌బాక్స్, కుర్చీ, కెమెరా ఉన్న బొమ్మ]

90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె), 45 డిగ్రీల పక్కన, కళ్ళకన్నా కొంచెం ఎత్తులో. అద్దంలో తెల్లటి చతురస్రం మెరుస్తుంది. మీరేమీ అనకండి, చూస్తూ ఉండండి.

"కళ్ళద్దాలు తీసేయండి" అన్నారనుకోండి, అది క్లయింట్ గురించి ఆలోచించని పని. రోజూ కళ్ళద్దాలతో కనిపించే మనిషి అవి లేకుండా ఇంట్లోవాళ్లకే కొత్తగా అనిపిస్తారు, పైగా ముక్కు మీద నొక్కుల గుర్తులు. "ఫోటోషాప్‌లో చూసుకుందాం" అంటే ఇంకా ఇబ్బంది. మెరుపు కంటిపాపని కప్పేసిన చోట వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

పని తెలిసినవాళ్లు స్టాండు ఒక అడుగు పైకి లేపుతారు, లేదా లైటుని ఇంకాస్త పక్కకి జరుపుతారు. వెలుగు ఏ కోణంలో అద్దాన్ని తాకితే అదే కోణంలో తిరిగి వెళుతుంది కదా, ఆ దారిలో కెమెరా లేకపోతే చాలు. అంతకన్నా తేలిక, "కొంచెం సరిచేయొచ్చా అండీ" అని అడిగి కళ్ళద్దాల కాడల్ని చెవుల మీద ఒక పిసరు లేపడం. అద్దాలు కిందికి వంగుతాయి, మెరుపు పోతుంది. ఆ అడగడం గమనించండి. అడక్కుండా ముఖం మీద చేయి వేసేవాళ్లని నేనైతే తీసుకోను.

ఇక్కడే ఇంకో మెలిక. లైటు మరీ పైకి వెళితే ఫ్రేము నీడ కళ్ళ మీద పడుతుంది, కంట్లో ఉండే తళుకు పోతుంది. దూరం పెరిగితే వెలుగూ తగ్గుతుంది. మీటరు నుంచి రెండు మీటర్లకి జరిపితే నాలుగో వంతే మిగులుతుంది, అంటే రెండు స్టాప్‌లు (స్టాప్ తగ్గిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది). జరిపాక మళ్ళీ లైట్ మీటర్‌తో వెలుగు కొలిచి చూసుకున్నారా, లేక అలాగే క్లిక్ చేసుకుంటూ పోయారా? ఒక్క కళ్ళద్దాల జతతో వెలుగు మీద పట్టు, మర్యాద, క్రమశిక్షణ మూడూ బయటపడ్డాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. రెండు వరసల గ్రూపు తీయించండి. లెన్సు రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 2.8లో తీస్తే వెనక వరస మసకబారుతుంది, రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8కి వెళ్లాలని తెలియాలి. ఫ్లాష్‌తో తీసేటప్పుడు షట్టర్ సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేయగల గరిష్ఠ వేగం) దాటితే ఫ్రేములో నల్ల పట్టీ వస్తుంది, అది చూడగానే కారణం చెప్పగలగాలి. చిన్నపిల్లని తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చున్నారా, నిలబడే కిందికి చూసి తీశారా?

ఒప్పందం రాతలో ఉండాలి. ఫోటోల హక్కు ఎవరిది (చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, కనుక్కోండి), రా ఫైళ్లు (కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు) ఎవరి దగ్గర ఉంటాయి, వాళ్ల పోర్ట్‌ఫోలియోలో ఏవి పెట్టుకోవచ్చు, సెషన్‌కి ఇచ్చే డబ్బులో ఎడిటింగ్ కలిసిందా లేదా. ఈ చివరిది రాయకపోతే గొడవ వచ్చి తీరుతుంది.

చేరాక నేల మీద టేపుతో స్టాండు, కుర్చీ స్థానాలు గుర్తు పెట్టండి, పవర్ సెట్టింగులు గోడకి అంటించండి. మొదటి ఐదు షూట్‌లకీ మీరు పక్క గదిలో ఉండండి, పిలిస్తే తప్ప లోపలికి వెళ్లకండి.